శిశుగృహం నుంచి అమెరికా ఇంటికి: దత్తత బిడ్డతో మొదటి ఆరు నెలలు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. శిశుగృహంలో పెరిగిన బిడ్డకు ఆ అడగడమే సరిగా తెలియదు. ఏడిస్తే వచ్చేది ఆ పూట డ్యూటీలో ఉన్న ఆయా. పది పదిహేను మంది పిల్లలకు ఒక్కరో ఇద్దరో ఉన్న చోట ఒక్కోసారి ఎవరూ రాలేరు. అలా కొన్ని నెలలు గడిచేసరికి బిడ్డ ఏడవడమే మానేస్తుంది. ఇంటికి తెచ్చుకున్న మొదటి వారం చుట్టాలంతా "ఎంత బుద్ధిమంతురాలో, అసలు ఏడవనే ఏడవదు" అని మురిసిపోతారు. అది బుద్ధి కాదు. పిలిచినా ఎవరూ రారని ఆ పసిమనసుకు అర్థమైపోయింది. కింద చెప్పే పనులన్నీ ఒక్కదాని కోసమే. పిలిస్తే వస్తారు, వచ్చేది ఎప్పుడూ ఈ ఇద్దరే అన్న నమ్మకం బిడ్డకు కుదరాలి.

ఇది అమెరికాలో స్థిరపడి, కారా (దత్తతల పని చూసే భారత ప్రభుత్వ సంస్థ) ద్వారా మన దేశం నుంచి ఏడాది మొదలు ఐదారేళ్ల లోపు బిడ్డను దత్తత తీసుకున్న తెలుగు దంపతుల కోసం. "మనమూ మన దేశంవాళ్లమే, బిడ్డా మన దేశందే, తేడా ఏముంటుంది" అనిపించడం సహజం. బిడ్డ వైపు నుంచి చూడండి. మనుషులు, వాసనలు, గాలి, తిండి, పడక, పగలూ రాత్రీ, అన్నీ ఒకే వారంలో మారిపోతాయి. పైగా కారా చూపించే బిడ్డ తెలుగు బిడ్డే కావాలని లేదు. ఒడియానో మరాఠీనో మాట్లాడే చోటి నుంచీ రావచ్చు.

బయల్దేరే ముందు ఆయాను అడగాల్సినవి

బిడ్డ గురించిన నివేదిక, వైద్య పరీక్షల నివేదిక మీ చేతికి ముందే వస్తాయి. వాటిలో బరువు, ఎత్తు, టీకాలు ఉంటాయి. రాత్రి ఎలా పడుకుంటుందో ఉండదు. అది తెలిసింది ఆయాకే. ఆమెతో కనీసం ఒక గంట కూర్చుని రాసుకోండి: పాలు ఏ వేళకు ఇస్తారు, ఏ పొడి, ఎన్ని నీళ్లకు ఎన్ని చెంచాలు, సీసాతోనా గ్లాసుతోనా, ఎంత వెచ్చగా. అన్నం మెత్తగా పిసికి పెడతారా, తనే తింటుందా. ఊయలలో పడుకుంటుందా, చాప మీదా, పక్కన ఎవరుంటారు, లైటు వెలుగుతూ ఉంటుందా. ఒంటికి రెంటికి వస్తే ఏమంటుంది. ముద్దుపేరు ఏమిటి. ఏ పాట పాడితే ఊరుకుంటుంది. దేనికి భయపడుతుంది.

ఆయా ఒప్పుకుంటే ఆ పాటను ఆమె గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసుకోండి. బిడ్డ కప్పుకున్న దుప్పటో, వేసుకున్న గౌనో అడిగి తెచ్చుకోండి. బదులుగా కొత్తవి ఇచ్చి రండి. తెచ్చినదాన్ని కనీసం మూడు వారాలు ఉతక్కండి. ఆ ముక్కవాసన మనకు నచ్చకపోవచ్చు. కొత్త ఇంట్లో బిడ్డకు తెలిసిన వాసన అదొక్కటే. గదులు, మంచాలు, తోటి పిల్లలతో ఆడే చోటు ఫొటోలు తీసుకోవడానికి అనుమతి అడగండి. ఐదారేళ్లు వచ్చాక బిడ్డ అడిగే ప్రశ్నలకు అవే జవాబులు.

పిల్లను అప్పగించే సమయంలో వీలైతే ఆయా చేతుల మీదుగానే మీ చేతికి రావాలి. "అమ్మతో వెళ్లు" అని ఆమె నోటితో చెప్పాలి. నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకొచ్చేయడం సులువే, కానీ లేచి చూసేసరికి లోకమంతా మారిపోయి ఉంటుంది. అలా చేయకండి.

దత్తత వీసా పని ఢిల్లీలోని అమెరికా ఎంబసీలోనే జరుగుతుంది కాబట్టి మధ్యలో కొన్నాళ్లు హోటల్లోనో గెస్ట్‌హౌస్‌లోనో గడపక తప్పదు. ఆ రోజులు వృథా అనుకోకండి. ఊరు చూపించడం, చుట్టాల ఇళ్లకు తిప్పడం వద్దు. ఒకే గది, అవే రెండు మొహాలు, అదే వేళకు అదే తిండి. కారు సీటు అలవాటు కూడా అప్పుడే మొదలుపెట్టండి. ఒళ్లో తప్ప కారులో ఎప్పుడూ కూర్చోని బిడ్డకు బెల్టులు బిగించడమంటే కట్టేసినట్టే. సీటును గదిలో నేల మీద పెట్టి, రోజుకు రెండుసార్లు ఐదు నిమిషాలు చొప్పున, చేతికి బిస్కెట్ ఇచ్చి కూర్చోబెట్టండి. మొదట బెల్టు లేకుండా, తర్వాత బెల్టుతో. అమెరికాలో దిగిన గంటకే అందులో కూర్చోవాలి మరి.

ఎయిర్‌పోర్టు బాత్రూముల్లో కమోడ్ తనంతట తనే భళ్లున నీళ్లు వదులుతుంది. పసిపిల్లలు దానికి హడలిపోయి వారాల తరబడి కమోడ్ ఎక్కరు. వెనకున్న సెన్సారు మీద అంటించడానికి పర్సులో నాలుగు జిగురు కాగితాలు ఉంచుకోండి.

పడక

శిశుగృహంలో ఒక హాల్లో పదిమంది ఊపిరి మధ్య పడుకున్న బిడ్డకు, అమెరికా ఇంట్లో ప్రేమగా ముస్తాబు చేసిన ప్రత్యేక గది భయం పుట్టిస్తుంది. చీకటి, ఏసీ చప్పుడు తప్ప నిశ్శబ్దం. అర్ధరాత్రి లేచి చూస్తే బిడ్డ కళ్లు తెరుచుకుని, కదలకుండా, కిక్కురుమనకుండా పైకప్పు చూస్తూ ఉంటుంది. మానిటర్లో శబ్దం లేదు కదా, నిద్రపోతోందనుకుంటారు.

ఏడాది లోపు బిడ్డకు మీ మంచం పక్కనే విడి తొట్టె వేయండి, అదే మంచం మీద వద్దు. ఏడాది దాటినవాళ్లకు మీ మంచం పక్కన నేల మీద పరుపు వేసి, చేయి అందేలా పడుకోండి. చిన్న లైటు ఉంచండి. ఏడ్చి ఏడ్చి తనే ఊరుకుంటుందిలే అనే పద్ధతి ఈ పిల్లలకు ఎంతమాత్రం పనికిరాదు. ఆ పాఠం వాళ్లకు ముందే వచ్చు, దాన్ని మరిపించడమే మీ పని. కదిలితే చాలు, చేయి వేయండి. ఏడవకపోయినా సరే. సమయం తేడా వల్ల మొదటి వారం పది రోజులు రాత్రి రెండింటికి లేచి ఆడుకుంటుంది. లైట్లు తగ్గించి, కొంచెం తినిపించి, ఆటలకు దిగకుండా పక్కనే ఉండండి. పొద్దున్నే ఎండలోకి తీసుకెళితే త్వరగా సర్దుకుంటుంది.

తిండి

రెండు రకాల తంటాలు వస్తాయి. ఒకటి, కడుపు నిండినా ఆపకుండా తిని కక్కుకోవడం. రెండు, దాచుకోవడం. దిండు కింద ఎండిన అన్నం ముద్ద, సోఫా సందులో చపాతీ ముక్క, గుప్పెట్లో బిస్కెట్‌తోనే నిద్ర. మందలించకండి, చేతిలోంచి లాక్కోకండి. మళ్లీ దొరుకుతుందన్న నమ్మకం లేక చేసే పని అది.

పద్ధతి ఇది. రోజంతా ప్రతి రెండున్నర, మూడు గంటలకొకసారి తిండి పెట్టండి, బిడ్డ అడిగే దాకా ఆగకండి. అడగందే అమ్మయినా పెట్టదన్న సామెతను ఈ ఇంట్లో తిరగేయాలి. అరటిపండు, మెత్తని ఇడ్లీ ముక్కలు లాంటివి ఒక గిన్నెలో బిడ్డ చేతికి అందే ఎత్తులో పెట్టి, ఖాళీ అయితే నింపండి. పడుకునేటప్పుడు దాచుకోవాలని చూస్తే మూతున్న చిన్న డబ్బా ఒకటి తనకే ఇచ్చేయండి, పొద్దున మీరే శుభ్రం చేయండి. పళ్లెంలో కొంచెం కొంచెంగా వడ్డించండి. "ఇంకా ఉంది" అంటూ గిన్నెలో మిగిలింది చూపించండి, బిడ్డ కళ్లతో చూడాలి. తిండి ఆపుతానని బెదిరించడం, తింటే చాక్లెట్ ఇస్తానని లాలించడం రెండూ వద్దు. చాలామందికి కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో ఈ ఆత్రం తగ్గుతుంది.

మొదటి రెండు మూడు వారాలు శిశుగృహంలో తిన్నదే పెట్టండి. మెత్తగా పిసికిన పప్పన్నం, పెరుగన్నం, ఉగ్గు. బలం పట్టాలని ఒక్కసారిగా నెయ్యి, జీడిపప్పు, చీజ్ కుక్కితే విరేచనాలే. పాలపొడి మార్చాలంటే ఐదారు రోజులు పాతదీ కొత్తదీ కలుపుతూ, కొత్తది పెంచుతూ రండి. మూడేళ్లు వచ్చినా నమలడం రాని పిల్లలుంటారు, ఎందుకంటే ఎప్పుడూ మెత్తనిదే మింగారు. అలాంటివాళ్లకు పల్లీలు, మొత్తం ద్రాక్షపళ్లు గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు కోయండి, పల్లీలు నాలుగేళ్లు దాటేదాకా వద్దు.

ఇండియా నుంచి అమ్మమ్మో నానమ్మో సాయానికి వస్తే ఇల్లంతా కళకళలాడుతుంది. వాళ్లు వండాలి, ఉతకాలి, మీకు ఇంత పెట్టాలి. బిడ్డకు తినిపించడం, స్నానం, పడుకోబెట్టడం, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం మాత్రం మీ ఇద్దరివే. ఈ మాట వాళ్లు టికెట్ కొనుక్కోక ముందే చెప్పండి. దిగాక చెబితే మనసు కష్టపెట్టుకుంటారు. "మూడు నెలలాగమ్మా, మమ్మల్ని అమ్మానాన్నలుగా గుర్తుపట్టాక నీ ఒళ్లోంచి దిగదు" అంటే అర్థం చేసుకోని పెద్దవాళ్లు తక్కువ.

స్నానం, ఒళ్లు

షవర్ తిప్పితే బిడ్డ కేకలు పెడుతుంది. అలవాటైంది బకెట్, మగ్గు. బాత్‌టబ్‌లోనే బకెట్ పెట్టి మగ్గుతో పోయండి. స్నానానికి ముందు నూనె మర్దన మన దగ్గరున్న గొప్ప సాధనం, కొత్త చేతులకు బిడ్డ ఒళ్లు అలవాటు పడుతుంది. పాదాల నుంచి మొదలుపెట్టి పైకి రండి, కాలు లాక్కుంటే ఆపేయండి.

అంతకన్నా ముందు గజ్జి ఉందేమో చూడాలి. వేళ్ల సందుల్లో, మణికట్టు, చంకలు, నడుము దగ్గర చిన్న పొక్కులు, రాత్రిళ్లు ఎక్కువయ్యే దురద ఉంటే డాక్టరుకు చూపించండి. 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ రాయమంటారు. 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి, సాధారణంగా వారం తర్వాత మళ్లీ రాయాలి, ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి. బిడ్డ ఒక్కదానికే రాస్తే మీ దగ్గర్నుంచి మళ్లీ తనకే అంటుకుంటుంది. పురుగు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది, మందు పనిచేయలేదనుకుని మళ్లీ మళ్లీ రాయకండి.

వచ్చేపోయేవాళ్లు

తెలుగువాళ్ల ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే. ఆరు నుంచి ఎనిమిది వారాలు విందులు, గుడికి తీసుకెళ్లడాలు, పుట్టువెంట్రుకలు, పేరు పెట్టే ఫంక్షన్ ఏవీ వద్దు. ముహూర్తాలు మళ్లీ వస్తాయి. చూడ్డానికి వచ్చేవాళ్లు కాసేపు కూర్చుని వెళ్లాలి, ఎత్తుకోకూడదు, తినిపించకూడదు.

కొందరు పిల్లలు కనిపించిన ప్రతివాళ్ల ఒళ్లోకి ఎక్కేస్తారు. "ఎంత కలుపుగోలు పిల్లో" అంటారు. తనవాళ్లెవరో ఇంకా తేల్చుకోలేదని దానర్థం. చేతులు చాచి వచ్చిన వాళ్లతో "అమ్మ దగ్గరకు పో తల్లీ" అనిపించి, మీవైపు తిప్పించండి. ఇంకొందరు అమ్మను గానీ నాన్నను గానీ ఒక్కరినే దగ్గరకు రానిస్తారు. శిశుగృహాల్లో పనిచేసేది దాదాపు అంతా ఆడవాళ్లే కాబట్టి మగగొంతుకు, గడ్డానికి భయపడటం మామూలే. నాన్న నేల మీద, పక్కకు తిరిగి కూర్చుని, బిడ్డ కళ్లలోకి సూటిగా చూడకుండా బొమ్మతో ఆడుకుంటూ ఉండాలి. తనే వస్తుంది. రోజులో ఇష్టమైన తిండి ఒకటి నాన్న చేతి నుంచే రావాలి. బిడ్డ అమ్మను తోసేస్తుంటే నాన్న గదిలోనే ఉన్నా, పాలు మాత్రం అమ్మే ఇవ్వాలి.

మన ఇళ్లలో సరదాకి అనేసే మాటలు కొన్ని ఈ బిడ్డ ముందు పొరపాటున కూడా రాకూడదు. "అల్లరి చేస్తే ఎవరికైనా ఇచ్చేస్తా", "హాస్టల్లో పడేస్తా", "బూచాడికి పట్టిస్తా", "మా ఇంటికి వచ్చేయ్, నన్ను అమ్మా అను". వేరే పిల్లలకు అవి ఉత్త బెదిరింపులు. ఈ బిడ్డను నిజంగానే ఒకసారి ఒకరు ఇంకొకరికి ఇచ్చారు. రంగు మీద వ్యాఖ్యానాలు, "ఎంత పుణ్యం చేసుకున్నారో", "ఎంత అదృష్టవంతురాలో" అనడాలూ అంతే, అక్కడికక్కడే ఆపండి. "అసలు అమ్మానాన్న ఎవరట" అని అడిగినవాళ్లకు "ఆ కథ తనది, పెద్దయ్యాక చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది" అంటే సరిపోతుంది. బిడ్డతో మాత్రం దత్తత అన్న మాట మొదటి రోజు నుంచే మామూలుగా వాడండి. ఎప్పుడు తెలిసిందో గుర్తులేనంత చిన్నప్పుడే తెలియాలి.

తప్పు చేస్తే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టడం వద్దు. పక్కనే కూర్చోబెట్టుకుని, "కొట్టకూడదు" అని ఒక్క మాట చెప్పి, తగ్గేదాకా అక్కడే ఉండండి. పిలిచే పేరు మార్చకండి. ఇంకో పేరు పెట్టుకోవాలనుంటే పాతదాని ముందో వెనకో చేర్చండి.

డాక్టరు దగ్గర

వీసా కోసం చేసిన వైద్య పరీక్షతో పని అయిపోయిందనుకోవద్దు. దిగిన రెండు మూడు వారాల్లో పిల్లల డాక్టరుకు చూపించాలి. అనేక విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో అంతర్జాతీయ దత్తత క్లినిక్‌లున్నాయి, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1986లోనే మొదలైంది. మామూలు డాక్టరయితే ఈ పరీక్షలు మీరే గుర్తుచేయండి: రక్తకణాల లెక్క, ఐరన్, రక్తంలో సీసం, హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ, సిఫిలిస్, థైరాయిడ్, సికిల్ సెల్, తలసీమియా, క్షయ పరీక్ష, వినికిడి, చూపు. మలపరీక్ష మూడు వేర్వేరు రోజుల నమూనాలతో చేయించాలి, జియార్డియా అనే పేగు పరాన్నజీవి కోసం విడిగా అడగాలి. ఒక్క నమూనాలో కనిపించకపోవడం మామూలే.

భుజం మీద బీసీజీ (క్షయ టీకా) మచ్చ ఉందని క్షయ పరీక్ష మానకూడదు. రెండేళ్లు దాటితే బీసీజీ వల్ల తప్పుడు ఫలితం రాని రక్తపరీక్ష మేలు. క్షయ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు ఆరు నెలల తర్వాత మళ్లీ చేయించాలి. బయల్దేరే ముందు తగులుకున్నవి మొదటిసారి బయటపడకపోవచ్చు.

టీకాల కార్డులో పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) 6, 10, 14 వారాలకు, ఎంఆర్ 9 నెలలకు, ఏడాదిన్నర ప్రాంతంలో వేసినట్టు ఉంటుంది. ఎంఆర్ అంటే తట్టు, రుబెల్లా మాత్రమే, గవదబిళ్లలకు అందులో టీకా లేదు. కాబట్టి ఇక్కడ గవదబిళ్లలకూ కలిపి ఉండే ఎంఎంఆర్ వేయాల్సిందే. ఆటలమ్మ, హెపటైటిస్ ఏ టీకాలూ మన ప్రభుత్వ పట్టికలో లేవు. కార్డు మీద అనుమానముంటే రక్తంలో రక్షణ ఉందో లేదో చూడొచ్చు, లేదా మళ్లీ వేయించొచ్చు.

శిశుగృహంలో గడిపిన ప్రతి మూడు నెలలకు సుమారు నెల ఎదుగుదల వెనకబడుతుందని డాక్టర్ల అంచనా. మొదటి ఏడాదిలో చాలావరకు అందుకుంటారు. ఎత్తు, బరువుతో పాటు తల చుట్టుకొలతా రాసుకోండి. పుట్టిన తేదీ అంచనాగా వేసిన బిడ్డకు వయసు తేల్చే ఎక్స్‌రేకు తొందరపడొద్దు. సరిగా తిని ఏడాది గడవకుండా తీస్తే వయసు తక్కువ చూపిస్తుంది. భారత్ నుంచి దత్తత వెళ్లిన ఆడపిల్లల్లో త్వరగా పెద్దమనిషి అయ్యే లక్షణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఎనిమిదేళ్లలోపే రొమ్ము ఎదుగుదల మొదలైతే హార్మోన్ల డాక్టరుకు చూపించండి.

భాష

ఇంగ్లిష్ కోసం తొందర అక్కర్లేదు, అది ఊరంతా నేర్పుతుంది. పోయేది పాత భాష, అదీ కొన్ని నెలల్లోనే. తెలుగు బిడ్డయితే ఇంట్లో తెలుగే మాట్లాడండి, మీది కోస్తా, బిడ్డది తెలంగాణ అయితే దాని మాటలు దిద్దకండి. వేరే భాష బిడ్డయితే ఓ నలభై మాటలు నేర్చుకోండి: ఆకలి, నీళ్లు, నొప్పి, భయం, బాత్రూమ్, అయిపోయింది, ఇంకా కావాలి, ఇక్కడే ఉన్నా. మాట ఆలస్యమైతే మూడేళ్లలోపు ఎదుగుదలలో వెనకబడ్డ పసిపిల్లల కోసం రాష్ట్రం నడిపే ఎర్లీ ఇంటర్వెన్షన్‌కు, మూడు దాటితే మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌కు ఫోన్ చేయండి. పరీక్ష ఉచితం. బడి మూడు నుంచి ఆరు నెలలు వాయిదా వేయగలిగితే వేయండి. చేర్చాక టీచరుతో ముందే ఒక మాట చెప్పండి, పుట్టినప్పటి ఫొటో తెమ్మనే హోంవర్క్ ఈ బిడ్డను ఏడిపిస్తుందని.

సెలవు, కాగితాలు

యాభై మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే కంపెనీలో ఏడాది చేసినవాళ్లకు సాధారణంగా చట్టప్రకారం 12 వారాల జీతం లేని సెలవు దత్తతకూ వర్తిస్తుంది. ఇద్దరూ ఒకే కంపెనీ అయితే ఆ 12 వారాలు ఇద్దరికీ కలిపి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమాలో బిడ్డ పేరు సాధారణంగా 30 రోజుల్లో చేర్చాలి, దాటితే వార్షిక గడువు దాకా ఆగాల్సిందే. ఐహెచ్-3 వీసా (దత్తత భారత్‌లోనే పూర్తయిన బిడ్డకు ఇచ్చేది) మీద వచ్చి, పౌరులైన తల్లి లేదా తండ్రితో ఉండే బిడ్డ, దిగిన రోజే అమెరికా పౌరురాలు అవుతుంది. 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన చట్టం అది. పౌరసత్వ పత్రం తపాలాలో వస్తుంది. సోషల్ సెక్యూరిటీ నంబరుకు, అమెరికా పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయండి. భారత పాస్‌పోర్టు అప్పగించే ముందు ప్రతి పేజీ స్కాన్ చేసి దాచండి, బిడ్డ ప్రయాణానికి అదే సాక్ష్యం. తర్వాత ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది). మొదటి ఏడాది మూడు నెలలకొకటి, రెండో ఏడాది ఆరు నెలలకొకటి చొప్పున మీ ఏజెన్సీ ద్వారా ఫొటోలతో నివేదికలు వెళ్లాలి.

ఎప్పుడు సాయం అడగాలి

మొదటి నెలల్లో మళ్లీ పక్క తడపడం, సీసా పాలు అడగడం, పసిపాపలా ముడుచుకోవడం కంగారుపడాల్సినవి కావు. పసితనంలో దొరకనిదాన్ని ఇప్పుడు అడుగుతోంది, ఇవ్వండి. ఆరు నెలలు దాటినా దెబ్బ తగిలితే మీ వైపు చూడకపోవడం, గంటల తరబడి ఒళ్లు ఊపుకుంటూ కూర్చోవడం, ఇంకా ఎవరితో పడితే వారితో వెళ్లిపోవడం ఉంటే దత్తత పిల్లలతో పనిచేసే మానసిక నిపుణులను కలవండి. మీ సంగతి కూడా చూసుకోండి. ఏళ్ల తరబడి ఎదురుచూసిన బిడ్డ వచ్చాక తల్లికో తండ్రికో దిగులు కమ్మడం తరచూ జరిగేదే. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, బిడ్డ మీద ఏ భావమూ కలగకపోయినా డాక్టరుకు చెప్పడంలో తప్పులేదు. బిడ్డ కోసం నిపుణుల దగ్గరకు వెళ్తున్నప్పుడు ఇంట్లో తీసిన రెండు నిమిషాల వీడియోలు మూడు నాలుగు పట్టుకెళ్లండి: తింటున్నప్పుడు, పడుకునే ముందు, మీరు గదిలోంచి వెళ్లి తిరిగి వచ్చినప్పుడు. డాక్టరు గదిలో పిల్లలు ఇంట్లో ఉన్నట్టు ఉండరు.